నడుం నొప్పి తగ్గింది సరే, రెండో పూస విరగకుండా చూడాలి

ప్రశ్న: మా అమ్మకు 67 ఏళ్లు. ఐదు నెలల క్రితం నీళ్ల బిందె ఎత్తుతుంటే నడుం కలుక్కుమంది. ఎక్స్‌రేలో ఎల్1 (నడుములోని మొదటి) వెన్నుపూస నొక్కుకుపోయిందన్నారు. బెల్టు, కాల్షియం మాత్రలు ఇచ్చారు. ఇప్పుడు నొప్పి లేదు. మోకాళ్ల నొప్పులకు మాత్రం రెండేళ్లుగా ఊళ్లో ఇచ్చే మాత్రలు వేసుకుంటోంది. బెల్టు ఇంకా ఎన్నాళ్లు పెట్టుకోవాలి?
- ఓ పాఠకురాలు, ఖమ్మం జిల్లా

సమాధానం: బెల్టు సంగతి చివర్లో చెబుతాను. ముందు ఆ మోకాళ్ల మాత్రలేమిటో తేలాలి. పేరు రాయలేదు మీరు. ఇలాంటి పొట్లాల్లో పెయిన్ కిల్లర్‌తో పాటు చిన్న తెల్ల మాత్ర ఒకటి ఉంటుంది. అది ప్రెడ్నిసొలోనో డెక్సామెథసోనో, అంటే స్టెరాయిడ్, అయిన సందర్భాలు చాలా చూశాను. వేసుకున్న మర్నాటికే హాయిగా ఉంటుంది కాబట్టి ఎవరూ వదలరు. ప్రెడ్నిసొలోన్ రోజుకు 5 మిల్లీగ్రాముల చొప్పున మూడు నెలలు వాడినా ఎముకలు గుల్లబారవచ్చు. అమ్మగారు రెండేళ్లుగా వేసుకుంటున్నారు. ఏ మాత్రో కూడా తెలుసుకోకుండా పెద్దావిడను ఇన్నాళ్లు మింగనివ్వడం తప్పేనమ్మా. అలాగని ఇది చదివి ఈ రాత్రే మాన్పించకండి. స్టెరాయిడ్ ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. మిగిలిన మాత్రలు, పొట్లం కాగితంతో సహా, డాక్టర్‌కు చూపించండి. అది స్టెరాయిడే అయితే మెల్లగా తగ్గిస్తారు.

పూస నొక్కుకుపోవడమంటే విరగడమే. కింద పడకుండా, బిందె ఎత్తితేనే పూస విరిగిందంటే, వేరే జబ్బేదీ లేదని తేలాక, అది ఆస్టియోపోరోసిసే, అంటే ఎముకలు గుల్లబారే జబ్బే. ఎముకల గట్టిదనం చూసే స్కాన్ రిపోర్టు ఎలా వచ్చినా సరే. ఒక పూస విరిగిన ఆడవాళ్లలో సుమారు ఐదుగురిలో ఒకరికి ఏడాదిలోపే ఇంకోటి విరుగుతుంది. ఆ ఏడాదిలో మీకు ఐదు నెలలు అప్పుడే గడిచిపోయాయి. కాల్షియం మాత్రలు ఒక్కటే దాన్ని ఆపలేవు.

వెన్నెముక మొత్తానికి పక్క నుంచి ఎక్స్‌రే తీయించండి. విరిగే పూసల్లో సగానికి పైగా తెలియకుండానే విరుగుతాయి. ఇదివరకు సరిపోయిన లంగా ఇప్పుడు నేలకు రాసుకుంటోందా, చూడండి. వయసులో ఉన్నప్పటి కంటే ఎత్తు 4 సెంటీమీటర్లు తగ్గితే అనుమానించాల్సిందే. ఎముకల గట్టిదనం చూసే ఆ స్కాన్ (డెక్సా) నడుముతో పాటు తుంటికీ చేయించాలి, ఎందుకంటే నొక్కుకుపోయిన పూస గట్టిగా ఉన్నట్టు కనిపించి నడుం రిపోర్టు మోసం చేస్తుంది. ఎముక విరిగే ముప్పును అంచనా వేసే ఫ్రాక్స్ లెక్క వేసినా అదొక్కటే నమ్మొద్దు. మామూలు ఫ్రాక్స్‌లో పూస ఎప్పుడు విరిగింది, ఎన్ని విరిగాయి అన్నవి లెక్కకు రావు. రక్తంలో కాల్షియం, విటమిన్ డి, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు), థైరాయిడ్, మైలోమా (ఎముక మజ్జ క్యాన్సర్) పరీక్షలు కూడా అవసరం.

వీటిని బట్టి ఎముక అరుగుదలను తగ్గించే జోలెడ్రోనిక్ యాసిడ్ ఏడాదికోసారి ఇవ్వాలా, కొత్త ఎముకను పెంచే టెరిపారటైడ్ ఇంజెక్షన్ రోజూ ఇవ్వాలా అన్నది కిడ్నీలు, పళ్లు కూడా చూసి మీ డాక్టరే నిర్ణయించాలి. ఆరు నెలలకోసారి ఇచ్చే ఎముకల ఇంజెక్షన్ డెనోసుమాబ్ మొదలుపెడితే మాత్రం ఆ తేదీ దాటనివ్వకండి. ఆలస్యమైతే వరుసగా పూసలు విరిగినవాళ్లు ఉన్నారు.

ఇక బెల్టు. పూస విరిగి ఐదు నెలలై, ఇప్పుడు నొప్పి లేకపోతే సాధారణంగా అక్కర్లేదు, ఎక్కువకాలం పెట్టుకుంటే నడుం కండరాలు బలహీనపడతాయి. చూసిన డాక్టర్‌ను అడిగే తీసేయండి. బిందెలు మాత్రం ఇక ఎత్తనివ్వొద్దు. మళ్లీ కొత్తగా నడుం నొప్పి వచ్చినా, జ్వరం ఉన్నా వెంటనే చూపించండి. కాళ్లలో బలం తగ్గినా, మూత్రం మీద అదుపు తప్పినా తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి.