రెండు క్యాలిబర్ల పిస్టల్‌కు ఒక్క లైసెన్సు సరిపోతుందా?

ప్రశ్న: మాది ముమ్మిడివరం దగ్గరి పల్లె. రొయ్యల చెరువులున్నాయి. రొయ్యలు పట్టి అమ్మే పట్టుబడి రోజుల్లో రాత్రిపూట డబ్బుతో తిరగవలసి వస్తోంది. రెండేళ్లకు పైగా రైఫిల్ క్లబ్బులో సభ్యుణ్ణి. పిస్టల్ లైసెన్సుకు దరఖాస్తు చేయబోతున్నాను. బ్యారెల్ (గొట్టం), స్లైడు (దానిపై ముందుకూ వెనక్కూ జరిగే భాగం) మార్చుకుంటే .22 తూటా, 9 ఎం.ఎం. తూటా రెండూ పేల్చే పిస్టల్ తీసుకుంటే వెంట ఉంచుకోవడానికీ, సాధనకూ అదొక్కటే చాలునని మిత్రుడు అంటున్నాడు. నిజమేనా? మా నాన్నగారి పేరున 12 బోరు తుపాకీ ఉంది. దాన్ని కూడా నా లెక్కలో కలుపుతారా?

జవాబు: మీ మిత్రుడు చెప్పిన సౌకర్యమే చట్టం దగ్గర మీకు చిక్కు తెస్తుంది. ఆయుధ నియమావళి, 2016 మొదటి షెడ్యూలు పిస్టళ్లనూ రివాల్వర్లనూ వర్గాలుగా విడదీసేటప్పుడు మీరు ఏ తూటా వాడుతున్నారని కాక, ఆ ఆయుధంలో ఏ తూటా పట్టి పేలుతుందని చూస్తుంది. భద్రతా దళాలు వాడే 9 ఎం.ఎం. తూటా అందులో పేలగలిగితే అది వాడుకలో ‘నిషేధిత బోరు’ అని పిలిచే కోవలోకి వెళ్తుంది. దానికి లైసెన్సు ఇచ్చే అధికారం కలెక్టరుకు లేదు. కేంద్ర హోం మంత్రిత్వ శాఖను ఆశ్రయించాలి. అక్కడ కూడా ప్రాణానికి తీవ్రమైన, తక్షణమైన ముప్పు ఉందని చూపగలిగిన కొద్దిమందికే అవకాశం ఉంటుంది. పిస్టల్‌కు .22 బ్యారెల్ బిగించి, 9 ఎం.ఎం. బ్యారెల్‌ను బీరువాలో దాచుకున్నంత మాత్రాన ఈ చిక్కు తీరదు. ఆయుధాల చట్టం, 1959 రెండవ సెక్షను ఇచ్చిన నిర్వచనం ప్రకారం ఆయుధ భాగం కూడా ఆయుధమే. లైసెన్సులో నమోదు కాని బ్యారెల్ మీ ఇంట్లో దొరికితే అది లైసెన్సు లేని ఆయుధంగా లెక్కకు వస్తుంది. 2019 సవరణ తరువాత దీనికి కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా ఐదేళ్ల జైలు, జరిమానా కూడా. నిషేధిత ఆయుధమని అభియోగం మోపితే శిక్ష ఏడేళ్ల నుంచి పద్నాలుగేళ్ల వరకు ఉంటుంది.

ఇంతకంటే ప్రమాదకరమైన దారి మరొకటి ఉంది. ఒక బోరు ఆయుధాన్ని కొని, లేత్ పని తెలిసినవారి చేత బ్యారెల్ మార్పించుకోవచ్చని మీకు ఎవరైనా చెబితే ఆ మాట అక్కడితో వదిలేయండి. లైసెన్సు లేకుండా ఆయుధాన్ని ఒక వర్గం నుంచి మరో వర్గంలోకి మార్చడాన్ని అదే చట్టం ఆరవ సెక్షను నిషేధిస్తుంది. అందుకు శిక్ష ఏడేళ్ల నుంచి యావజ్జీవం వరకు ఉంది.

రెండు క్యాలిబర్లు, అంటే రెండు తూటా కొలతలు, ఉండటమే నేరం కాదు. .22తో పాటు .32 ఎస్ అండ్ డబ్ల్యు లాంగ్ తూటాకు మార్చుకోగల పోటీ పిస్టళ్లు చాలాకాలంగా ఉన్నాయి. 25 మీటర్ల పోటీల్లో ఒకదానికి .22, తూటా అడుగు మధ్యన దెబ్బ తగిలి పేలే సెంటర్‌ఫైర్ విభాగానికి 7.62 నుంచి 9.65 ఎం.ఎం. మధ్య తూటా కావలసి రావడమే వాటి పుట్టుకకు కారణం. కానీ అరచేతికి అచ్చుగా చెక్కిన పెద్ద పిడి ఉన్న ఆ పిస్టల్‌ను నడుముకు తగిలించుకుని చెరువుగట్టు మీద తిరగడం కుదరని పని. పైగా అవి విదేశీ సరుకు. దిగుమతి వెసులుబాటు పేరున్న షూటర్లకే గాని మామూలు లైసెన్సుదారుకు లేదు.

కాబట్టి రక్షణ కోసం ఒకే క్యాలిబరు ఉన్న .32 తీసుకోవడమే మీకు మేలు. అక్కడ కూడా ఒక జాగ్రత్త అవసరం. మన దేశంలో తయారయ్యే .32 రివాల్వర్‌కూ, .32 పిస్టల్‌కూ పేరులో అంకె ఒకటే గాని తూటాలు వేరు. రివాల్వర్ తూటా పొడవుగా, అడుగు అంచు బయటికి పొడుచుకుని ఉంటుంది. 7.65 ఎం.ఎం. అని కూడా పిలిచే పిస్టల్ తూటా పొట్టిగా, అంచుకు పైన చుట్టూ గాడితో ఉంటుంది. లైసెన్సులోనూ బిల్లులోనూ ఆయుధం రకం, బోరు, నంబరు ఒకేలా ఉన్నాయో లేదో దుకాణం వదలక ముందే సరిచూసుకోండి. సాధనకు క్లబ్బు వారి .22 పిస్టల్‌ను క్లబ్బు రేంజిలోనే వాడుకోండి. ఒకరి పేరున ఎన్ని ఆయుధాలు ఉండవచ్చన్న పరిమితి నుంచి క్లబ్బు సభ్యులకు చట్టం ఇచ్చిన మినహాయింపు .22 రైఫిలుకూ, ఎయిర్ రైఫిలుకూ మాత్రమే వర్తిస్తుంది, పిస్టల్‌కు కాదు.

మీ నాన్నగారి తుపాకీ ఆయన లైసెన్సు మీద ఉన్నంతకాలం ఆయన లెక్కలోనే ఉంటుంది. అది మీ పేరుకు మారిన రోజున మీ లెక్కలో చేరుతుంది. ఒకరి పేరున ఉండగల ఆయుధాల సంఖ్యకు 2019 డిసెంబరు వరకు మూడుగా ఉన్న పరిమితి ఇప్పుడు రెండే. వారసత్వపు తుపాకీ అయినా ఈ పరిమితికి లోబడినదే. ఆ తుపాకీకి చోటు ఉండేలా రెండో అవకాశాన్ని ఇప్పుడే ఖర్చు చేసుకోవద్దని నా సలహా.

దరఖాస్తులో వ్యాపార స్వభావం వల్ల ఆయుధం అవసరమన్న కారణాన్నే ముందు పెట్టండి. చెరువుల పత్రాలు, బ్యాంకు లావాదేవీలు, ఇదివరకు పోలీసులకు ఇచ్చిన ఫిర్యాదు ఏదైనా ఉంటే దాని నకలు జతచేయండి. క్లబ్బు సభ్యత్వం కూడా నియమాలు గుర్తించిన కారణమే గాని, అది చూపి రక్షణ ఆయుధం అడిగితే విచారణకు వచ్చిన అధికారికి అనుమానం కలుగుతుంది.

రొయ్యలు దొంగిలించి పారిపోతున్న వాడి మీద పేల్చే హక్కు లైసెన్సు ఇవ్వదు. భారతీయ న్యాయ సంహిత 41వ సెక్షను ప్రకారం ఆస్తి రక్షణలో ప్రాణం తీసే వరకు వెళ్లే హక్కు దోపిడీ, రాత్రివేళ ఇంటికి కన్నం వేయడం, ప్రాణభయం కలిగించే దొంగతనం వంటి సందర్భాలకే పరిమితం.

వెంట తీసుకెళ్లేటప్పుడు పిస్టల్ ఒరలో, పూర్తిగా కప్పి, మీ అదుపులో ఉండాలి. తీర్థాలకు, ఊరేగింపులకు, జనం గుమికూడే చోటికి ప్రత్యేక అనుమతి లేకుండా తీసుకెళ్లరాదన్నది లైసెన్సు షరతు. జగ్గన్నతోట ప్రభల తీర్థమైనా, సంక్రాంతి కోడిపందేల బరి అయినా ఇందులోకే వస్తాయి. సంబరానికి గాలిలో పేల్చి ఇతరుల భద్రతకు ముప్పు తెస్తే రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

చివరిగా, మీరు అడగకపోయినా మీ ఊరివారికి చెప్పవలసిన మాట ఒకటి. ముమ్మిడివరం నుంచి ఎదుర్లంక వంతెన దాటి కాకినాడ వెళ్లే దారి యానాం గుండా పోతుంది. యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోది. మీ లైసెన్సు చెల్లుబాటు జిల్లాకో, ఆంధ్రప్రదేశ్‌కో పరిమితమై ఉంటే, బండి ఆపకుండా దాటినా ఆ కొద్ది దూరం మీరు లైసెన్సు పరిధి బయట ఆయుధంతో ఉన్నట్టే. పరిధి విస్తరణ కోసం దరఖాస్తులోనే ఈ కారణం రాయండి. అది చేతికి వచ్చేవరకు పిస్టల్ వెంట ఉన్న రోజున రావులపాలెం, జొన్నాడ, మండపేట, రామచంద్రపురం మీదుగా వెళ్లండి.