రిజిస్టర్డ్ పోస్టు పోయాక నోటీసులు పంపే సంస్థలు ఏం మార్చుకోవాలి?

2025 అక్టోబరు 1 నుంచి దేశంలో రిజిస్టర్డ్ పోస్టు విడిగా లేదు, స్పీడ్ పోస్టులో కలిసింది. మామూలు స్పీడ్ పోస్టు ఆ చిరునామాలో ఉన్నవాళ్లెవరికైనా అందొచ్చు. నోటీసు ఆ మనిషికో, ఆయన అధికారమిచ్చిన వాళ్లకో మాత్రమే చేరాలంటే బుకింగులో ‘రిజిస్ట్రేషన్’ అదనంగా అడగాలి: కవరుకు రూ.5, పైన జీఎస్టీ. ఎక్కువమంది మరిచేది ఇదే. ఓటీపీ డెలివరీకీ అంతే రుసుము. ఫోనుకొచ్చిన ఓటీపీ చెబితేనే కవరు ఇస్తారు కాబట్టి, మీ చిరునామాల జాబితాలో మొబైల్ నంబర్లు సరిగ్గా ఉంటేనే ఇది పనికొస్తుంది.

స్పీడ్ పోస్టు ఛార్జీ 50 గ్రాముల వరకు స్థానికంగా రూ.19, మిగతా దేశమంతా రూ.47. అది దాటితే 250 గ్రాముల వరకు, స్థానికం కాని చిరునామాలకు దూరాన్నిబట్టి రూ.59 నుంచి 77. 80 జీఎస్ఎం (చదరపు మీటరుకు 80 గ్రాములు) ఏ4 కాగితం సుమారు 5 గ్రాములు. కవరుతో కలిపి తూచి, వీలైతే రెండువైపులా ముద్రించండి. పెద్దసంఖ్యలో పంపే కొత్త (బల్క్) ఖాతాదారులకు 5% రాయితీ ఉంది, అడిగి తీసుకోండి.