లారీ రసీదులో ఏ పేరు రాయాలి?

ప్రశ్న: మాది ఆక్వా మందుల షాపు. చెన్నై నుంచి బ్లీచింగ్ డ్రమ్ములు తెప్పిస్తుంటాం. రసీదులో ‘ఆక్వా కెమికల్స్’ అనే రాసేవాళ్లు. ఈసారి సరైన పేరు, యూఎన్ నంబరు లేవని ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో సరుకు ఆపేశారు. డ్రమ్ము మీది బ్రాండు పేరు రాస్తే చాలదా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: చాలదు. ‘ఆక్వా కెమికల్స్’ అంటే సున్నమూ కావచ్చు, యాసిడ్డూ కావచ్చు. దారిలో డ్రమ్ము పగిలితే ఫైర్ సిబ్బంది చూసేది రసీదులోని పేరే. యూఎన్ నంబరంటే ప్రమాదకర సరుకును గుర్తించే నాలుగంకెల అంతర్జాతీయ నంబరు.

ముందు లేబుల్‌లో అవైలబుల్ క్లోరిన్ (పనిచేసే క్లోరిన్) శాతం చూడండి. 10 దాటి 39 లోపు ఉంటే అది ‘కాల్షియం హైపోక్లోరైట్ మిక్స్చర్, డ్రై’, యూఎన్ 2208. మామూలు బ్లీచింగ్ పౌడరు ఇందులోకే వస్తుంది. 39 దాటిన పొడి రకం యూఎన్ 1748. ఎక్కువ క్లోరిన్ సరుకులో 5.5 నుంచి 16 శాతం తేమ ఉంచి తయారుచేసేది ‘హైడ్రేటెడ్’, యూఎన్ 2880. మూడూ క్లాస్ (ప్రమాదం రకం) 5.1, అంటే ఆక్సిజన్ ఇచ్చి మంటను పెంచే ఆక్సిడైజర్లే. ఒంటిని కాల్చే గుణం కూడా ఉందని తయారీదారు తేల్చిన సరుకుకు నంబర్లు వేరు: 3485, 3486, 3487. సేఫ్టీ డేటా షీట్ (తయారీదారు ఇచ్చే భద్రతా వివరాల పత్రం) 14వ సెక్షన్‌లో నంబరు ఉంటుంది. అయితే 65 శాతం డ్రమ్ములకు పాత 33 శాతం షీటు జతచేసి పంపేవాళ్లున్నారు. డ్రమ్ము మీది శాతం, షీటులోది ఒకటేనని చూశాకే నంబరు ఎక్కించండి.

వరస కూడా ముఖ్యమే: యూఎన్ నంబరు, పేరు, క్లాస్, ప్యాకింగ్ గ్రూప్ (ప్రమాద తీవ్రత స్థాయి). బ్రాండు పేరు ఆ తర్వాత రాసుకోవచ్చు.

పేరు తప్పితే లోడింగూ తప్పుతుంది. బ్లీచింగ్ పక్కన యాసిడ్ క్యాన్లు పెట్టి రెండూ కారితే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. డీజిల్, నూనె మరకల గోనెలు, రొయ్యల మేత తగిలితే తనంతట తనే వేడెక్కి అంటుకోవచ్చు. ఆ మంటకు కావలసిన ఆక్సిజన్ దానిలోనే ఉంటుంది కాబట్టి ఇసుక కప్పితే ఆరదు. అమ్మోనియం ఫాస్ఫేట్ ఉన్న ఏబీసీ పౌడరు (మంటలార్పే పొడి) అసలు కొట్టకూడదు, రెండూ చర్య జరుపుతాయి. దూరం నుంచి ధారాళంగా నీళ్లే కొట్టాలి.

బండి సంగతికొస్తే, 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 134వ నియమం ప్రకారం ఎమర్జెన్సీ ప్యానెల్ (ప్రమాద సమాచారం రాసిన బోర్డు) రెండు పక్కలా, వెనకా ఉండాలి. పేరు అక్షరాలు కనీసం 50 మి.మీ., క్లాస్ అంకెలు 100 మి.మీ. ఎత్తు, క్లాస్ లేబుల్ 250 మి.మీ. చదరం.

ప్రశ్న: హేచరీకి ఫార్మాలిన్, హైడ్రోజన్ పెరాక్సైడ్ క్యాన్లు ఒకే బండిలో వస్తున్నాయి. రెండింటికీ కలిపి ‘డిసిన్‌ఫెక్టెంట్’ అని రాయొచ్చా?
– ఒక పాఠకురాలు, కొత్తపట్నం

జవాబు: వద్దమ్మా. పెరాక్సైడ్ 8 నుంచి 20 శాతం లోపు అయితే యూఎన్ 2984, క్లాస్ 5.1. 20 నుంచి 60 వరకు యూఎన్ 2014, 5.1తో పాటు బ్రాకెట్లో 8 (ఒంటిని, లోహాన్ని తినేసే రకం) కూడా వేయాలి. మీకొచ్చే 50 శాతం క్యాన్లు రెండోదే. 37 శాతం ఫార్మాలిన్ (ఫార్మాల్డిహైడ్ ద్రావణం) మామూలుగా యూఎన్ 2209, క్లాస్ 8. కానీ గడ్డకట్టకుండా మిథనాల్ కలుపుతారు. దానివల్ల ఫ్లాష్ పాయింట్ (ఆవిరి అంటుకోగల కనీస ఉష్ణోగ్రత) 60 డిగ్రీలకో, అంతకు కిందికో దిగితే అది ‘ఫార్మాల్డిహైడ్ సొల్యూషన్, ఫ్లేమబుల్’, యూఎన్ 1198, క్లాస్ 3 (8), అంటే మండే ద్రవం. మండేదాన్ని, మంటను పెంచేదాన్ని ఒకే బండిలో ఎక్కించకండి, కిరాయి రెండైనా సరే.

ప్రశ్న: గ్రానైట్ పలకలకు పూసే ఎపాక్సీ హార్డెనర్ ఏ పేరుతో పంపాలి?
– ఒక పాఠకుడు, చీమకుర్తి

జవాబు: అమీన్ మిశ్రమమైతే ‘అమీన్స్, లిక్విడ్, కొరోసివ్, ఎన్.ఓ.ఎస్.’, యూఎన్ 2735, క్లాస్ 8. ఎన్.ఓ.ఎస్. (‘నాట్ అదర్‌వైజ్ స్పెసిఫైడ్’, అంటే జాబితాలో సొంత పేరు లేనిది) అని వదిలేస్తే ఆ పేరు సగమే. ప్రమాదానికి కారణమైన రసాయనం పేరు, ఉదాహరణకు ఐసోఫోరోన్‌డైఅమీన్, బ్రాకెట్లో ఉండాలి. రెండుకు మించి అక్కర్లేదు. ఒట్టి ఐసోఫోరోన్‌డైఅమీనే అయితే దానికి సొంత నంబరుంది, 2289. సొంత పేరున్నదాన్ని ఎన్.ఓ.ఎస్. కింద పంపకూడదు.

ప్రశ్న: ఖాళీ డ్రమ్ములు తిప్పి పంపేటప్పుడూ ఇదంతా రాయాలా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: కడగకపోతే రాయాలి. పాత పేరుకే ‘ఎంప్టీ అన్‌క్లీన్డ్’ అని చేర్చండి, డ్రమ్ము మీది లేబుల్ పీకకండి. కడిగి, ఆరబెట్టి, లోపల ఏమీ మిగలకుండా చేశాకే లేబుల్ తీసేసి ఖాళీ డ్రమ్ములని పంపొచ్చు.