గ్రిమ్ కథల ఊళ్లు: కారు లేకుండా అమ్మానాన్నలతో ఎలా?

ప్రశ్న: ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఎంఎస్ చేస్తున్నాను. జూన్‌లో అమ్మ, నాన్న, చెల్లి వస్తున్నారు. గ్రిమ్ కథల ఊళ్లన్నీ చూడాలని చెల్లి పట్టుబడుతోంది. కారు లేదు, అమ్మకి మోకాళ్ల నొప్పులు. ఎలా ప్లాన్ చేసుకోవాలి?

జవాబు: అన్నీ కుదరవు. కుదిరినా అవసరం లేదు. హానావ్ నుంచి బ్రెమెన్ దాకా సుమారు 600 కిలోమీటర్ల ఈ ‘ఫెయిరీ టేల్ రూట్’ని 1975లో టూరిస్టుల కోసం ఏర్పాటు చేశారు. అందులో జర్మన్ జానపద కథలు సేకరించిన గ్రిమ్ అన్నదమ్ములు యాకోబ్, విల్‌హెల్మ్ నిజంగా బతికిన ఊళ్లున్నాయి, తర్వాత ఎవరో ఒక కథ తగిలించిన కోటలూ ఉన్నాయి. ట్రెండెల్‌బుర్గ్‌లోని రపుంజెల్ బురుజు, జాబాబుర్గ్‌లోని స్లీపింగ్ బ్యూటీ కోట రెండో రకం. వాటి దగ్గరికి రైలు పోదు, బస్సులు అరుదు. వదిలేయండి.

హానావ్‌లో యాకోబ్ 1785లో, విల్‌హెల్మ్ 1786లో పుట్టారు. కానీ 1945 బాంబు దాడుల్లో పాత ఊరు నాశనమైంది, పుట్టిన ఇల్లూ లేదు. విగ్రహం దగ్గర ఒక ఫొటో చాలు. అదే లైన్లో ముందుకెళ్తే ష్టైనావ్ వస్తుంది. వాళ్ల చిన్నతనం గడిచిన ఇల్లు అక్కడ మ్యూజియంగా ఉంది. తండ్రిది మన లెక్కలో తహసీల్దారు, మేజిస్ట్రేటు కలిపినట్టుండే ఉద్యోగం. స్టేషన్ నుంచి ఊళ్లోకి కొంత నడవాలి, అమ్మగారికి ముందే చెప్పండి.

అన్నదమ్ములు లా చదివిన మార్‌బుర్గ్ అంతా మెట్లే. భయపడకండి, పాత ఊళ్లోకి ఉచిత లిఫ్టు ఉంది. కోట దాకా ఎక్కడం మాత్రం మీరు, చెల్లి చూసుకోండి.

ఒక రాత్రి ఉండాల్సింది కాసెల్‌లో. 1812లో వాళ్లు కథల మొదటి సంపుటి తెచ్చింది ఇక్కడుంటూనే, అప్పుడు యాకోబ్ లైబ్రరీలో పనిచేసేవాడు. ఊరూరా తిరిగి పోగుచేశారని చాలామంది అనుకుంటారు గానీ, ఎక్కువగా కథలు చెప్పేవాళ్లే వాళ్లింటికి వచ్చారు. డొరోథియా ఫీమన్ అనే దర్జీ భార్య కూరగాయలు అమ్ముకోవడానికి కాసెల్ వస్తూ ఎన్నో కథలు చెప్పింది. వాళ్ల మీదున్న మ్యూజియం పేరు గ్రిమ్‌వెల్ట్, సోమవారం సెలవు. బుధవారం గానీ ఆదివారం గానీ అక్కడుంటే మధ్యాహ్నం విల్‌హెల్మ్స్‌హోహె పార్కులో కొండ మీంచి నీళ్లు వదులుతారు. మీరు పైనుంచి నీళ్ల వెంట దిగండి, అమ్మానాన్నల్ని కింద చెరువు దగ్గర కూర్చోబెట్టండి. చివరి ఫౌంటెన్ 50 మీటర్లు లేచేది అక్కడే. కాసెల్‌లో రెండు పెద్ద స్టేషన్లున్నాయి, దూరప్రయాణపు రైళ్లు ఆగేది విల్‌హెల్మ్స్‌హోహెలో.

ఇక్కడిదాకా అంతా హెస్సెన్ రాష్ట్రమే. మీకు స్టూడెంట్ టికెట్ ఎలాగూ ఉంటుంది. మిగతా ముగ్గురికి ‘హెస్సెన్‌టికెట్’ ఒక్కటి తీసుకుంటే రోజంతా తిరగొచ్చు, ఐదుగురి దాకా చెల్లుతుంది. మామూలు రోజుల్లో ఉదయం 9 తర్వాతే, ఐసీఈ లాంటి వేగపు రైళ్లు ఎక్కకూడదు. దేశమంతా లోకల్ రైళ్లలో చెల్లే డాయిచ్‌లాండ్ టికెట్ తీసుకోవాలనుకుంటే, అది నెలనెలా కొనసాగే చందా. ఆ నెల 10లోగా క్యాన్సిల్ చేయకపోతే వచ్చే నెల డబ్బులూ పోతాయి.

ఇంకో రెండు రోజులుంటే హామెల్న్ వెళ్లండి, ఆదివారం చూసుకుని. మే మధ్య నుంచి సెప్టెంబరు మధ్య దాకా మధ్యాహ్నం 12కి పైడ్ పైపర్ (పిల్లనగ్రోవి ఊది ఊళ్లోని ఎలుకల్ని, తర్వాత పిల్లల్ని తీసుకెళ్లిపోయినవాడు) నాటకం ఆరుబయటే ఉచితంగా ఆడతారు. జర్మన్ రాకపోయినా కథ తెలిసిందేగా. 1284 జూన్ 26న 130 మంది పిల్లలు వెళ్లిపోయారని అక్కడ ఇంటి గోడ మీద రాసి ఉంటుంది. ఎలుకలు కథలోకి తర్వాతెప్పుడో వచ్చాయి. బతుకుదెరువుకి తూర్పు యూరప్‌కి వలసపోయిన కుర్రాళ్లే వాళ్లని కొందరు చరిత్రకారుల ఊహ. అమ్మగారి పక్కన నిలబడి ఈ ముక్క చెప్పేముందు కాస్త ఆలోచించుకోండి!

బ్రెమెన్‌లో ‘బ్రెమెన్ సంగీతకారులు’ కథలోని గాడిద, కుక్క, పిల్లి, కోడి విగ్రహం అనుకున్నదానికంటే చిన్నది. కథలో ఆ నాలుగూ అసలు బ్రెమెన్ చేరనే చేరవు. గాడిద ముందుకాళ్లు రెండు చేతులతో పట్టుకుని కోరుకోవాలట. ఒంటి చేత్తో పట్టుకుంటే ఒక గాడిద ఇంకో గాడిదకి షేక్‌హ్యాండ్ ఇచ్చినట్టని ఊళ్లోవాళ్ల జోకు. హామెల్న్, బ్రెమెన్ రెండింటికీ పక్క రాష్ట్రం నీడర్‌జాక్సెన్ టికెట్ చెల్లుతుంది, అదీ ఐదుగురి దాకా.

ఆదివారం సూపర్ మార్కెట్లు మూసేస్తారు. శాకాహారులైతే పులిహోర కట్టుకోండి, సీసాల్లో నీళ్లు నింపుకోండి. రైలు మారేచోట అరగంట ఖాళీ పెట్టుకోండి, ఆలస్యాలు ఇక్కడ మామూలే.