రెపో తగ్గినా మన కిస్తీ ఎందుకు తగ్గదు?

నర్సంపేట నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది: "2025లో రిజర్వ్ బ్యాంకు రెపో రేటు నాలుగుసార్లు తగ్గించిందట. మా ఇంటి లోన్ ఈఎంఐ మాత్రం రూపాయి కూడా తగ్గలేదు. మధ్యలో ఎవరు తింటున్నట్టు? రిజర్వ్ బ్యాంకులో అంతమంది పరిశోధకులున్నారు కదా, ఈ సంగతి చూడరా?"

చూస్తారండీ. రెపో అంటే రిజర్వ్ బ్యాంకు మిగతా బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ రేటు. అది తగ్గినా మన దాకా ఎందుకు రాదన్న మీ అనుమానమే వాళ్లకూ వచ్చింది, దాని మీద రిపోర్టు కూడా రాశారు. ఆ సంగతికి వస్తాను గానీ, ముందు మీ లోన్ స్టేట్‌మెంట్ తీసి ఈఎంఐ కాదు, ఇంకా ఎన్ని కిస్తీలు మిగిలాయో చూడండి. వడ్డీ తగ్గినప్పుడు చాలా బ్యాంకులు కిస్తీని ముట్టుకోవు, గడువు తగ్గిస్తాయి. ఖాతాలోంచి నెలనెలా అంతే పోతుంది కాబట్టి ఏమీ మారలేదనిపిస్తుంది.

ఇరవై లక్షల లోన్, ఇరవై ఏళ్లు అనుకోండి. 9 శాతం దగ్గర కిస్తీ సుమారు 17,995 రూపాయలు. మొదట్లోనే వడ్డీ 8కి దిగిందంటే రెండు దారులు. కిస్తీని 16,729కి తగ్గించుకుంటే మొత్తం మీద మూడు లక్షల చిల్లర మిగులుతుంది. పాత కిస్తీయే కడుతూ పోతే మూడేళ్లు ముందే అప్పు తీరి, ఆరున్నర లక్షల దాకా మిగులుతుంది. చేతిలో టైట్‌గా లేకపోతే నేను రెండోదే చేయమంటాను. మా స్టాఫ్ రూంలో సగం మంది దీనికి ఒప్పుకోరు, నెలకు పన్నెండు వందలు చేతికొస్తే పిల్లల ఆటో ఫీజుకైనా వస్తుందంటారు. అదీ నిజమే.

గడువు కూడా తగ్గలేదా? అప్పుడు శాంక్షన్ లెటర్ వెతకాలి. నేను హన్మకొండలో జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెప్తాను. రెపో గురించి పిల్లలకు బోర్డు మీద రాయడం వేరు, సొంత లెటర్‌లో నాలుగో పేజీ చదవడం వేరు. 2018లో తీసుకున్న నా లోన్‌కి అక్కడ "వన్ ఇయర్ ఎంసీఎల్ఆర్" అని ఉంది, వడ్డీ ఏడాదికి ఒక్కసారే మారుతుందని దాని కింద చిన్న అక్షరాల్లో ఉంది. 2020లో కరోనా వచ్చి రెపో 4 శాతానికి పడిపోయినా, నా వడ్డీ దసరా దాకా కదల్లేదు. కదిలినప్పుడు కూడా అందులో కొంతే తగ్గింది.

ఎంసీఎల్ఆర్ అంటే బ్యాంకు తన ఖర్చును బట్టి తనే లెక్కగట్టుకునే రేటు. బ్యాంకులు మనకిచ్చే డబ్బులో ఎక్కువ భాగం రిజర్వ్ బ్యాంకు నుంచి రాదు, మా అమ్మలాంటి వాళ్ల ఎఫ్‌డీల నుంచి వస్తుంది. మూడేళ్లకు వేసిన ఎఫ్‌డీకి రెపో పడిపోయినా మూడేళ్లూ పాత వడ్డీయే ఇవ్వాలి. కాబట్టి కొంత ఆలస్యం న్యాయమే. పాకాల చెరువు తూము ఎత్తిన రోజే చివరి మడికి నీళ్లు రావని మీ వైపు వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. అయితే ఎగువన గండి కొట్టుకున్నవాళ్లు కూడా ఉంటారు. రిజర్వ్ బ్యాంకు వాళ్ల రిపోర్టు ఆ గండి గురించే.

2017లో జనక్ రాజ్ అధ్యక్షతన రిజర్వ్ బ్యాంకు లోపలి అధ్యయన బృందం ఒకటి ఎంసీఎల్ఆర్ తీరును పరిశీలించింది. ఎంసీఎల్ఆర్‌నూ, అంతకుముందున్న బేస్ రేటునూ లెక్కగట్టడంలో బ్యాంకులు నిర్దేశించిన పద్ధతి తప్పి ఇష్టం వచ్చినట్టు సర్దుబాట్లు చేశాయని, బేస్ రేటు తగ్గాల్సినంత తగ్గకుండా చూసుకున్నాయని తేల్చింది. 1994లో పీఎల్ఆర్, 2003లో బీపీఎల్ఆర్, 2010లో బేస్ రేటు, 2016లో ఎంసీఎల్ఆర్... పేర్లు మారాయి, లెక్క మాత్రం బ్యాంకు చేతిలోనే ఉంది. బ్యాంకు చేతిలో లేని రేటుకు లోన్లను ముడిపెట్టండి, మూడు నెలలకోసారి మార్చండి అని బృందం చెప్పింది. 2019 అక్టోబరు 1 నుంచి బ్యాంకులిచ్చే కొత్త ఫ్లోటింగ్ ఇంటి లోన్లు, చిన్న వ్యాపారుల లోన్లు రెపో లాంటి బయటి రేటుకు ముడిపడింది అందుకే. పరిశోధన కాగితం మన ఖాతా దాకా రావడం అరుదు. ఇది వచ్చింది.

పాత లోన్ వాళ్లు కూడా మారవచ్చు. నేను అడిగితే కౌంటర్‌లో "సిస్టమ్‌లో ఆ ఆప్షన్ లేదు సార్" అన్నారు. 2019 సెప్టెంబరు సర్క్యులర్ ప్రకారం మార్చమని కాగితం మీద రాసి, రెండో కాపీ మీద స్టాంపు వేయించుకున్నాను. ఆ తర్వాత ఆప్షన్ దొరికింది. నోటితో అడిగితే నోటితోనే పోతుంది, మీరు కూడా రాసే ఇవ్వండి.

కానీ ఒకటి తెలుసుకుని మారండి. రెపోకు ముడిపడ్డ లోన్ దిగేటప్పుడు ఎంత వేగంగా దిగుతుందో ఎక్కేటప్పుడూ అంతే. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రెపో 4 నుంచి 6.50కి ఎక్కింది. ఎంసీఎల్ఆర్‌లో ఉండిపోయిన మా కొలీగ్ కంటే ముందు నాకే తగిలింది. అప్పుడు కూడా కిస్తీ అంతే ఉంచారు, గడువు పెంచారు. ఒకరోజు ఆన్‌లైన్‌లో చూస్తే చివరి కిస్తీ తేదీ నా రిటైర్‌మెంట్ దాటి పోయి ఉంది! ఎవరూ ఒక మెసేజ్ పెట్టలేదు. ఇలాంటి ఫిర్యాదులు పెరిగాకే 2023 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు కొత్త నిబంధనలు తెచ్చింది. వడ్డీ మారినప్పుడు కిస్తీ పెంచాలా, గడువు పెంచాలా, కొంత ముందే కట్టేస్తారా అని అప్పు తీసుకున్నవాణ్ని అడగాలి.

మీది 2019 తర్వాతి బ్యాంకు లోనే అయితే, రెపో మీద బ్యాంకు కలిపే 'స్ప్రెడ్' చూడండి. కొత్తగా వచ్చేవాళ్లకు తక్కువ స్ప్రెడ్ ఇచ్చి పాతవాళ్లను అలాగే ఉంచేయడం మామూలే. సిబిల్ స్కోరు బాగుంటే తగ్గించమని అడగండి, వినకపోతే వేరే బ్యాంకుకు మార్చుకుంటానని చెప్పండి. సొంత ఇంటి ఫ్లోటింగ్ లోన్‌కి ముందే తీర్చేసినందుకు పెనాల్టీ వేయకూడదు, కాబట్టి అది ఉత్త బెదిరింపు కాదు.

ఇక ఈ రేట్ల గాలి అసలు సోకని అప్పులు కూడా ఉన్నాయి. పరకాల దగ్గర మా బాబాయి పత్తి వేస్తాడు. క్రాప్ లోన్ మూడు లక్షల వరకు 7 శాతం, టైంకి కడితే 4 పడుతుంది. అది ప్రభుత్వం రాయితీతో నడిచేది కాబట్టి రెపోతో కదలదు. అది చాలక అడ్తిదారు దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తాడు. ఏడాదికి 24 శాతం. ఎనుమాముల మార్కెట్లో కాంటా అయ్యాక తక్‌పట్టీలో, అంటే అమ్మకం లెక్క చీటీలో, అసలూ వడ్డీ కోసుకునే మిగతాది చేతిలో పెడతారు. ఒకటింబావు శాతం రెపో తగ్గిందని చెప్తే బాబాయి నవ్వాడు. ద్రవ్య విధానం గురించి ఎంత చదివినా ఆ నవ్వుకు నా దగ్గర జవాబు లేదు.

మీ ప్రశ్నలో చివరి ముక్కకు: రెపో మార్పు కొత్త లోన్లకు ఎంత చేరింది, పాత లోన్లకు ఎంత చేరింది, డిపాజిట్లకు ఎంత అన్న పట్టికలు రిజర్వ్ బ్యాంకు నెలవారీ బులెటిన్‌లో వస్తుంటాయి. వెబ్‌సైట్లో ఉచితమే, తెలుగులో లేకపోవడం ఒక్కటే బాధ. పాత లోన్ల గడి కొత్త లోన్ల కంటే వెనకబడి కనిపిస్తే మీరొక్కరే కాదని తెలుస్తుంది.

బ్యాంకుకు రాసిచ్చి 30 రోజులైనా జవాబు రాకపోతే, లేదా వచ్చిన జవాబు నచ్చకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయవచ్చు, ఖర్చేమీ ఉండదు. ఫోన్‌లో కనుక్కోవాలంటే 14448. స్టాంపు వేసిన కాపీ అప్పుడు పనికొస్తుంది.

మీ లోన్ ఏ సంవత్సరంది, బ్యాంకుదా హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీదా అన్నది మీరు రాయలేదు. 2019 నిబంధన బ్యాంకులకే, ఫైనాన్స్ కంపెనీలకూ గ్రామీణ బ్యాంకులకూ అది తప్పనిసరి కాదు. ఆ రెండు వివరాలు, శాంక్షన్ లెటర్‌లో వడ్డీ గురించి రాసిన లైను కింద పెట్టండి, చూసి చెప్తాను.