రాత్రి తొమ్మిదింటి రీడింగు

కావలి

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. కాలేజీ ఉద్యోగంలో చేరిన రెండో నెలలోనే పరిశోధన గురించి ఆలోచిస్తున్నందుకు సంతోషం. తక్కువ కరెంటుతో చల్లగా ఉండే భవనాల మీద పని చేస్తానన్నావు, ఎక్కడ మొదలుపెట్టాలని అడిగావు. ఉత్తరంలో నాలుగు సాఫ్ట్‌వేర్ల పేర్లు ఉన్నాయి గాని ఒక్క ఇంటి ఊసు లేదు. అక్కడే నాకు బెంగ పట్టుకుంది.

ముందు రాత్రిపూట కొలవడం అలవాటు చేసుకో. మన కాలేజీల్లో పరిశోధన పది నుంచి ఐదు వరకు నడుస్తుంది. ఇల్లు ఆ వేళలు పాటించదు. ఐదంగుళాల కాంక్రీటు శ్లాబు పగలంతా తాగిన ఎండను పొద్దుగూకాక కూడా గదిలోకి వదులుతూనే ఉంటుంది. తొమ్మిదంగుళాల ఇటుక గోడ ఇంకా నిదానం. పడమటి గోడకు సాయంత్రం నాలుగింటికి తగిలిన వేడి లోపలి వైపుకు వచ్చేసరికి రాత్రి పది అవుతుంది, సరిగ్గా పిల్లలను పడుకోబెట్టే వేళకు. పగలు చెట్టు కిందో అరుగు మీదో గడిపేసే మనిషికి నరకం మొదలయ్యేది అప్పుడే. రాత్రి తొమ్మిది తర్వాతి రీడింగు లేని పట్టికను నేను పట్టికగా లెక్క పెట్టను.

గాలి వేడి ఒక్కటే కొలిస్తే మోసపోతావు. ఒక టేబుల్ టెన్నిస్ బంతి కొని, మెరుపు లేని నల్లరంగు పూసి, చిన్న రంధ్రం చేసి ఉష్ణోగ్రత సెన్సరు మొనను నడుమకు పెట్టు. పైకప్పు, గోడలు మన ఒంటి మీదకు విసిరే సెగను ఆ బంతి పట్టిస్తుంది. మామూలు థర్మామీటరు 32 చూపిస్తున్న గదిలో బంతి అంతకన్నా ఎక్కువ చూపిస్తే, దోషం గాలిది కాదు, శ్లాబుది. అప్పుడు ఫ్యాను గురించి కాక, ఎండను తిప్పికొట్టేలా కప్పు మీద వేసే సున్నం గురించి ఆలోచిస్తావు.

ఇక నా తప్పు ఒకటి చెప్పాలి. నా తొలి పేపరు కంప్యూటర్‌లోనే పుట్టింది. ఎదురెదురు కిటికీలు పెడితే రాత్రి గాలి ఆడి గది ఎంత చల్లబడుతుందో లెక్కకట్టాను. గ్రాఫు చూడముచ్చటగా వచ్చింది. పేపరు అచ్చయింది, అభినందనలు కూడా వచ్చాయి. ఏడాది తర్వాత అలాంటి కిటికీలున్న ఇంటికే ఓ సాయంత్రం వెళ్లాను. ఏడింటికల్లా ఆ ఇల్లాలు కిటికీలన్నీ మూసేసింది. ఎందుకమ్మా అంటే, ‘దోమలు సార్’ అంది. నెల్లూరు దోమల సంగతి నాకు తెలియక కాదు, మా ఇంట్లోనూ ఏడింటికే మూసేవాళ్లం. నా ఇంట్లో తెలిసిన విషయం నా పేపరులో తెలియలేదు. తర్వాత వాళ్లు జాలీ కొట్టించారు, కానీ జాలీ సన్నదైన కొద్దీ గాలి తగ్గుతుంది. ఎంత తగ్గుతుంది, ఏ కన్ను జాలీకి దోమా రాదు, గాలీ ఆగదు? నాకు తీరిక దొరకలేదు. నీకు తొలి ప్రశ్న కావాలంటే ఇది తీసుకో.

పుస్తకాలు చదువు, కానీ అవి ఏ అక్షాంశంలో కూర్చుని రాశారో చూసి చదువు. దక్షిణం వైపు ఎండ, ఉత్తరం వైపు నీడ అనే సూత్రం చలిదేశాల వాళ్లది. నెల్లూరు 14.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ చివర్లో ఒకసారి, ఆగస్టు మధ్యలో ఒకసారి సూర్యుడు నడినెత్తి మీదకు వస్తాడు. ఆ మధ్య కాలమంతా మధ్యాహ్నం ఉత్తరానికి వాలి ఉంటాడు. అంటే రోహిణి కార్తెలో ఎండ ఉత్తరపు కిటికీ మీదే పడుతుంది. మీ కొత్త ల్యాబు నక్షాలో దక్షిణానికి మాత్రమే సన్‌షేడ్ గీశారని రాశావు. సిమెంటు పోయకముందే చెప్పు, పోశాక ఎవరూ వినరు.

మన వాతావరణం ఇంకో చిక్కు పెడుతుంది. జాతీయ భవన నియమావళి దేశాన్ని ఐదు వాతావరణ మండలాలుగా విడగొట్టి, మన తీరాన్ని ఉక్కపోత మండలంలో వేసింది. నిజమే గాని, మే నెలలో పడమటి గాలి కొట్టేటప్పుడు మధ్యాహ్నం మనది రాయలసీమ. సాయంత్రం సముద్రపు గాలి తిరిగాక మళ్లీ కోస్తా. పన్నెండింటికి బ్రహ్మాండంగా పనిచేసిన కూలరు ఏడింటికి గదిలో తడి నింపడం తప్ప ఏమీ చేయదు. ఒకే గదికి, ఒకే రోజు రెండు జవాబులు! రోజు సగటు తీశావా, రెండూ పోతాయి.

కోడ్‌ల విషయం క్లుప్తంగా చెబుతాను, నువ్వు ఎలాగూ చదువుతావు. వాణిజ్య భవనాల ఇంధన పొదుపు కోడ్ 2007లో వచ్చి 2017లో మారింది. ఇళ్లకు 2018లో ఎకో నివాస్ సంహిత వచ్చింది. గోడలు, కిటికీల గుండా లోపలికి వచ్చే వేడి చదరపు మీటరుకు 15 వాట్లు దాటకూడదంటుంది. మన మండలంలో తెరుచుకునే కిటికీల వైశాల్యం నేల వైశాల్యంలో ఆరో వంతు ఉండాలంటుంది. అంటే 120 చదరపు అడుగుల గదికి 20 చదరపు అడుగులు. పక్కకు జరిపే కిటికీ సగమే తెరుచుకుంటుందని మేస్త్రీకి తెలుసు, అపార్ట్‌మెంటు కట్టేవాళ్లకు తెలిసినా గుర్తుండదు.

భవనం వేడినీ కరెంటు వాడకాన్నీ లెక్కకట్టే సాఫ్ట్‌వేర్ ఎనర్జీప్లస్ నేర్చుకో, ఉచితంగా దొరుకుతుంది, మంచి పనిముట్టు. నువ్వు కొలిచిన ఇంటి కరెంటు వాడకంతో దాని నెలవారీ లెక్క సరిపోయేదాకా దాని మాట నమ్మకు. ఎంత వేడి ఒంటికి హాయి అనే విషయంలో పాశ్చాత్య ప్రమాణాలు గుడ్డిగా ఎత్తి రాయకు. మన దేశంలోనే సర్వే చేసి రూపొందించిన నమూనా ఉంది. సహజంగా గాలి ఆడే భవనాల్లో, బయటి సగటు ఉష్ణోగ్రతను 0.54తో గుణించి 12.83 కలపమంటుంది. బయటి సగటు 32 అయితే 30 దగ్గర మనవాళ్లు హాయిగానే ఉంటారన్నమాట. సర్వే జరిగిన ఊళ్లలో చెన్నై ఉంది, నెల్లూరు లేదు.

గైడ్‌ను ఎంచుకునేటప్పుడు ఆయన పేపర్ల లెక్క చూడకు, ఆయన విద్యార్థులు ఎండలో నిలబడ్డారా అని కనుక్కో. డబ్బు కట్టించుకుని పది రోజుల్లో అచ్చువేసే జర్నళ్ల జోలికి పోకు. పదోన్నతి ఓ రెండేళ్లు ఆలస్యమైతే కావచ్చు. నాకూ అయింది, మీ పెద్దమ్మ ఇప్పటికీ అంటుంటుంది.

ఆర్థర్ రోజెన్‌ఫెల్డ్ అనే ఆయన ఉండేవాడు. పేరుమోసిన భౌతిక శాస్త్రవేత్త ఫెర్మీ శిష్యుడు, తనూ కణభౌతిక శాస్త్రవేత్తే. 1973 చమురు సంక్షోభం రోజుల్లో, ఒక శుక్రవారం రాత్రి ఇంటికి వెళ్తూ పక్క గదుల్లో లైట్లు ఆర్పబోతే స్విచ్చులు బీరువాల వెనకా పోస్టర్ల వెనకా దొరికాయట. ఆ తర్వాత కణాలను వదిలేసి జీవితాంతం భవనాల ఇంధనం మీదే పడ్డాడు. మీ కాలేజీలో స్విచ్చులు ఎక్కడున్నాయో చూశావా?

ఈ ఆదివారం వస్తే నా లాగర్ల పెట్టె తీసుకెళ్లు, ఉష్ణోగ్రతను వాటంతట అవే నమోదు చేసే పరికరాలవి. ఎనిమిది ఉన్నాయి, రెండింటికి బ్యాటరీలు మార్చాలి. వాడే ముందు అన్నిటినీ ఒక రాత్రంతా మూతపెట్టిన డబ్బాలో పక్కపక్కనే ఉంచి, ఏది ఎంత తేడా చూపిస్తుందో రాసుకో. ఒకటి 0.4 డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది, దాని మీద ఎర్ర చుక్క పెట్టాను.

మీ పెదనాన్న