నలుపంటే నీళ్ళు కాదు

ప్రశ్న: మేగెల్లాన్ నౌక రాడార్‌తో తీసిన శుక్రగ్రహం చిత్రాలు కాలేజీలో చూపించారు. కొన్ని చోట్ల తెల్లగా, కొన్ని చోట్ల నల్లగా ఉంది. నలుపంటే నీళ్ళా, నీడలా? రాయిని ముట్టుకోకుండా అక్కడి జియాలజీ మ్యాపు ఎలా గీస్తారు?
– డిగ్రీ విద్యార్థిని, మారతహళ్ళి, బెంగళూరు

జవాబు: నీళ్ళు కాదమ్మా. అక్కడి నేల వేడి 460 డిగ్రీల పైమాటే, నీళ్ళు నిలవవు. నీడలూ అరుదే. 1990 నుంచి 94 దాకా మేగెల్లాన్ ఆ గ్రహం చుట్టూ తిరుగుతూ 12.6 సెంటీమీటర్ల రాడార్ తరంగాన్ని మబ్బుల గుండా పక్కవాటుగా పంపింది. గరుకు నేల దాన్ని అన్ని వైపులకూ చెదరగొడుతుంది, కొంత నౌకకు తిరిగొస్తుంది. ఆ చోటు తెల్లగా పడుతుంది. నున్నటి నేల మీద పడ్డది అటే జారిపోతుంది, అది నలుపు. వానరాత్రి రింగ్ రోడ్డు మీద హెడ్‌లైట్ వెలుగులో తడిసిన తారు నల్లగా, పక్కనున్న కంకర తెల్లగా కనిపించడం లేదూ, అలాగే.

ఇక మ్యాపు సంగతి. నేను కడప ప్రాంతంలో సుత్తి, లెన్సు, ఆసిడ్ సీసా పట్టుకుని తిరిగినవాణ్ణి. చుక్క వేస్తే బుసబుసా పొంగింది కాబట్టి సున్నపురాయి అని రాసుకునేవాళ్ళం. రాడార్ చిత్రంలో ఆ వీలు లేదు. 1982లో సోవియట్ నౌక వెనెరా-13 దిగి పరీక్షించిన రాయి బసాల్టును, అంటే లావా చల్లారి గట్టిపడ్డ నల్లరాయిని పోలింది, నిజమే. అది ఒక్క చోటి మాట. అందుకే మంచి మ్యాపులో 'బసాల్టు' అని ఉండదు, 'నున్నటి మైదానం', 'అడ్డదిడ్డంగా పగిలిన ఎత్తునేల' అని ఉంటుంది. చూసిందొకటి, ఊహించిందొకటి. ఈ రెంటినీ కలపనివాడే నా లెక్కలో జియాలజిస్టు.

తెలుపంతా గరుకే అనుకోవడానికీ లేదు. లక్ష్మీ ప్లానమ్ అనే పీఠభూమి (అవును, మన లక్ష్మీదేవి పేరే) పక్కన, గ్రహం సగటు మట్టం నుంచి సుమారు 11 కిలోమీటర్లు లేచిన మాక్స్‌వెల్ పర్వతాల పైభాగం మెరిసిపోతుంది. ఎత్తులో వేడి తగ్గి, గాలిలోంచి ఏదో లోహ సంబంధమైన పదార్థం పేరుకుందని ఒక ఊహ. ఇంకా తేలలేదు.

ఏది ముందు, ఏది వెనక అన్నది మాత్రం చిత్రంలోనే దొరుకుతుంది. లాల్‌బాగ్ బండ మీద తెల్ల చారలు చూడు. ఒక చార ఇంకోదాన్ని కోసుకుపోతే, కోసిందే వయసులో చిన్నది. శుక్రుడి మీదా అంతే: పగులు లావాను చీలిస్తే పగులు తర్వాతది, పగుల్ని లావా పూడ్చేస్తే లావా తర్వాతది. సంవత్సరాల లెక్కకు ఉల్కాగుంటలే ఆధారం: నేల ఎంత పాతదైతే అన్ని ఎక్కువ గుంటలు. గ్రహం మొత్తానికి వెయ్యి లోపే ఉన్నాయి. అంటే అక్కడి నేల చాలావరకు కొన్ని వందల మిలియన్ల ఏళ్ళది, లాల్‌బాగ్ బండ కన్నా ఎంతో కొత్తది.

పాత చిత్రాలే కదా అని తీసిపారేయకు. 1991లో ఎనిమిది నెలల తేడాతో తీసిన రెండింటిని పోల్చి, మాట్ మోన్స్ అనే అగ్నిపర్వతం దగ్గర ఒక బిలం సుమారు 2 చదరపు కిలోమీటర్ల నుంచి 4 దాకా పెరిగిందని 2023లో చూపారు. రెండుసార్లూ నౌక చూసిన వైపు వేరు. మార్పు నేలదా, చూపుదా అని వాళ్ళు కంప్యూటర్లో బిలం నమూనాలు కట్టి మరీ సరిచూశారు. నాకు ఆ ఓపికే ఎక్కువ నచ్చింది.

నువ్వు మొదలుపెట్టాలంటే ఆ చిత్రాలు నాసా ఉచితంగానే ఇస్తుంది. ఒక చిన్న ముక్క ప్రింటు తీసి పైన ట్రేసింగ్ పేపర్ పెట్టు. రాడార్ ఎటునుంచి చూసిందో ముందు బాణం గుర్తు వేసుకో. అటు తిరిగిన వాలు నొక్కుకుపోయి, తెల్లగా పడుతుంది, మోసపోతావు. తర్వాత గీతలు, హద్దులు మాత్రమే గియ్యి. రంగులూ పేర్లూ ఆఖరున.